నాలుగో నంబరు అద్దం

21 సెప్టెంబర్ 2011, బుధవారం

…గందుకే మళ్ల రాస్తున్న, నేను దాన్ని ముట్టలే. నిన్న గీ ముక్క కాడికి రాంగనే అవ్వ పెసర్ల డబ్బ కోసం లోపలికి అచ్చింది. కాయితాలు చున్నీల సుట్టుకొని కూసున్న. సగంల ఆగిపోయింది. సగంల ఆగిన మాట అబద్ధం లెక్క కొడుతది. గందుకే పూర్తిగ రాస్తున్న: నేను పోయేసరికే నాలుగో నంబరు అద్దం పలిగి ఉన్నది. ఉండొచ్చు. నేను సూసేసరికైతె పలిగి ఉన్నది.

ముందుగాల ఇంగ్లీష్ల షురూ చేసిన. ఇంగ్లీష్ల రాస్తె నా భయం గూడ హోంవర్క్ లెక్క కనపడ్డది. చింపేసిన.

సమ్మె తొమ్మిదో రోజు. బళ్లు బంద్, బస్సులు బంద్, ఆఫీసులు బంద్, కరెంటు ఉన్నప్పుడు ఉన్నట్టు. బాపు గూడ బంద్. బాపు రోడ్ల ఆఫీసుల గ్యాంగు మజ్దూర్. పేరు ఆనందం, మొఖం ఎప్పుడు పేరుకు ఉల్టా. ఆరేండ్ల సంది ఆయనకు ఒక్కటే పని. పొద్దుగాల కోరుట్ల అవతల వాగు బ్రిడ్జి కిందికి పోవాలె, పగుళ్ల మీద అంటించిన అద్దంబిళ్లలు సూడాలె. పగులు జరిగితె అద్దం పలుగుతది, పలగకపోతె బ్రిడ్జి మంచిగున్నట్టు. పదకొండు పగుళ్లు, పదకొండు అద్దాలు, ఒక్కొక్క దాని కింద ఎర్ర రంగుతోని నంబరు. నాలుగో పగులు పెద్దది, దానికి అద్దం గాక ఒక గడియారం లెక్కటి గూడ ఉంటది. పగులు ఎంత తెరుసుకున్నదో దాని ముల్లు చెప్తది. ఆ అంకె, ఆ పూట వేడి, రెండు రిజిస్టర్ల రాయాలె. "ఎండకు మూసుకుంటది, సలికి తెరుసుకుంటది. మనిషికి ఉల్టా" అంటడు బాపు. ఆయన చేసే జోకు అదొక్కటే.

బాపమ్మ అయితె, "నా కొడుకు పెండ్లాం మొఖం గన్ని సార్లు సూడలే. పొద్దుగాల లేసి పోయి బ్రిడ్జికి అద్దం సూపిచ్చి అస్తడు" అంటది, తన కోడలు మా అవ్వ దిక్కు సూసుకుంట.

హైదరాబాద్ ఇంజినీరింగ్ కాలేజి శ్రీధర్ సార్‌కు పోతయి ఆ అంకెలు. ఆరేండ్లల ఒక్క రోజు ఖాళీ లేదు. చికున్‌గున్యా అచ్చినప్పుడు గూడ అవ్వ భుజం పట్టుకొని, అమ్మా అమ్మా అనుకుంట పోయి రాసి అచ్చిండు.

పదమూడో తారీఖు దీక్ష టెంటు కాడ అందరి ముందట ఆ రిజిస్టరు మీదనే చెయ్యి పెట్టి, "తెలంగాణ అచ్చేదాక దీన్ని ముట్ట" అన్నడు. అందరు చప్పట్లు కొట్టిన్రు. నేను కొట్టలే. మరి బ్రిడ్జిని ఎవలు సూస్తరు? స్కూల్ వ్యాను దాని మీదికెల్లి పోయినప్పుడల్ల నేను ఊపిరి బిగబట్టుకుంట. ఆరో క్లాసు సంది. ఊపిరి బిగబడితె బ్రిడ్జి ఆగుతదని గాదు. ఊకె.

గందుకే పద్నాలుగు సంది నేనే పోతున్న. సంగీతోళ్ల ఇంట్ల గ్రూప్ స్టడీ అని చెప్పి. టెంటు కాడ ముందటి కుర్చీల కూసునే మనిషి బిడ్డనే సమ్మె ఇరగ్గొడుతున్నది. తెలిస్తె బాపు మొఖం ఏడ పెట్టుకుంటడు.

3.41. వేడి 28.

22 సెప్టెంబర్

3.42. వేడి 27. అద్దం అట్లనే ఉన్నది. అంటే పలిగినట్టే ఉన్నది.

24 సెప్టెంబర్, శనివారం

మహేందర్ సార్ సర్కార్ బళ్లె లెక్కల సారు. గిప్పుడు టెంటుకు కన్వీనర్. మైకు దొరికితె ఎక్కాలు చెప్పినట్టు ప్రతి మాట మూడుసార్లు అంటడు. రెండో తారీఖు, ఆదివారం, వంటావార్పు. రోడ్డు మీదనే పొయ్యిలు, రోడ్డు మీదనే బువ్వ, ఆడోళ్లందరు బతుకమ్మ ఆడాలె. ఏడ?

"బ్రిడ్జి మీద! బ్రిడ్జి మీద! బ్రిడ్జి మీద!"

రెండు వేల మంది అట. జగిత్యాలకెల్లి ట్రాక్టర్లు అస్తయట. సిరిసిల్లకెల్లి మా రాజలింగం మామ రెండు లారీల, బట్ట నేసే సాంచల పనోళ్లను తెస్తడట. "సాంచలు ఎట్లైన కరెంటు లేక పండుకున్నయి, పనోళ్లనన్న లేపుకొస్త" అన్నడు ఫోన్ల.

బ్రిడ్జి మీద చేద్దామని ఐడియా ఇచ్చింది ఎవలు? బాపు. శాలువ కప్పిన్రు. ఇంటికచ్చి తీయలే, అన్నం తినేటప్పుడు గూడ కప్పుకొనే ఉన్నడు. శాలువ అంచు పప్పుల మునిగింది.

"నా బ్రిడ్జి మీద రెండు వేల మంది తింటరు బిడ్డ" అన్నడు.

నేను ముద్ద కంచంలనే పెట్టి లెక్క పెట్టుకున్న. రెండు వేల మంది. పొయ్యి రాళ్లు, బువ్వ వండే గంజులు, బియ్యం బస్తాలు. ఇగ బతుకమ్మ ఆడితె ఉత్తగ నిలవడరు గదా, అందరు ఒక్కసారే అడుగేస్తరు, ఒక్కసారే ఒంగుతరు, ఒక్కసారే చప్పట్లు కొడుతరు.

గడియారం జరగలే. 3.40, వేడి 29. జరగలే గదా. మరి అద్దం ఎందుకు పలిగింది అంటే నాకేం తెలుసు. అద్దం పని అది.

25 సెప్టెంబర్

బాపు అన్నం తినలే. శాలువ తీసి దండెం మీద ఏసిండు.

26 సెప్టెంబర్, సోమవారం

పొద్దుగాల అవ్వ చెప్పులు దులుపుకుంట, "మీ బాపు చెప్పులల్ల ఇసుక. నీ చెప్పులల్ల ఇసుక. ఇంకో నెల సమ్మె నడిస్తె ఇల్లు కట్టేటంత అయితది" అన్నది.

"సంగీతోళ్ల ఇంటి ముందట ఇసుక పోసిన్రు అవ్వా."

"అయితె మీ బాపు గూడ గ్రూప్ స్టడీకే పోతున్నడా?"

నేను ఏసిన జడ ఇప్పి మళ్ల ఏసుకున్న. బాపు చెప్పులల్ల ఇసుక ఎందుకున్నదో ఆలోచించలే. ఆలోచిస్తె రాయాల్సి అస్తది.

పగటీలి టెంటు కాడికి అందరం పోయినం. బాపు లేసి నిలవడ్డడు. ఆయన అందరి ముందట లేసుడే ఎక్కువ.

"వంటావార్పు మార్కెట్ యార్డుల పెట్టుకుందాం" అన్నడు.

మహేందర్ సార్ మైకు పక్కకు పట్టుకొని, "ఎందుకే ఆనందన్నా? బ్రిడ్జి అన్నది నువ్వే గదనే?"

"బ్రిడ్జి మీద గాలి. పొయ్యి మండది."

"గాలికి ఇంక మంచిగ మండుతదే."

"వాన కొడితె?"

"యార్డుల కొట్టదా?"

బాపు మెడ తుడుసుకున్నడు. "రేపు అమాస. అమాస పోయినంక ఐదొద్దులు బ్రిడ్జి మీద పొయ్యి పెట్టద్దంటరు."

"ఎవలంటరు?"

బాపు సుట్టు సూసిండు. "మా అవ్వ అంటది."

బాపమ్మ ముందటి వరుసలనే కూసున్నది. "నేనెప్పుడన్న రా!" అన్నది. ఆమెకు మైకు అక్కర లేదు.

టెంటంత నవ్విన్రు. నేను గూడ నవ్విన, భయానికి. గా నవ్వులకెల్లి ఒక గొంతు అచ్చింది: "ఎవలో ఆఫీసర్ ఫోన్ చేసి ఉంటడు తీయ్. శాలువ మనం కప్పినం, నోరు ఆళ్లు మూసిన్రు." గప్పుడు ఎవలు నవ్వలే. బాపు కూసున్నడు. పక్క కుర్చీల మనిషి కొద్దిగ జరిగి కూసున్నడు. కొద్దిగనే. గని నేను సూసిన.

3.42. వేడి 27.

27 సెప్టెంబర్, ఎంగిలిపూల బతుకమ్మ

ఎదురింటి ఐలమ్మ పెద్దవ్వ ప్రతి ఏడు మా అవ్వతోనే ఆడుతది. ఇయ్యాల తన బతుకమ్మ తీసుకపోయి అవతలి గుంపుల పెట్టింది. "ఏమైందక్కా" అంటే, "మీ ఆయన చెప్పినంక యార్డుల ఆడుదాం తియ్ భూదేవీ" అన్నది.

అవ్వ ఇంటికచ్చి చాటను గట్టిగ పెట్టింది. బాపు, "నేనేం జేసిన" అన్నడు. "నాకేం తెలుసు ఏం జేసినవో. నీ చెప్పులనడుగు" అన్నది.

3.41. 28.

28 సెప్టెంబర్, బుధవారం



ఆరింటికి పోయిన. గడియారం సూస్తున్న. ఎనుక దగ్గు. ఆ దగ్గు నాకు తెల్వకుంటె ఇంకెవలికి తెలుస్తది.

బాపు నిలవడ్డడు, నోట్ల వేప పుల్ల.

"ఏంది బిడ్డ, గీడ?"

"గునుగు పూలకచ్చిన బాపు."

నా చేతుల ఒక్క పువ్వు లేదు. పెన్ను ఉన్నది.

"నువ్వేంది బాపు?"

"పండ్లు తోముకుందామని."

మా ఇంటికెల్లి బ్రిడ్జికి కిలోమీటరున్నర. వేప చెట్టు ఇంటి ముందటనే ఉన్నది. గీ సంగతి ఇద్దరికి తెలుసు.

ఇద్దరం నాలుగో అద్దం దిక్కు సూడలే. గంత గట్టిగ సూడకుండ ఉండుడు నా జిందగీల సూడలే. బాపు ఏడో నంబరును సూసిండు, నేను వాగును సూసిన. ఒక కొంగ మమ్ముల సూసింది.

"సూసుడు పని గాదు బిడ్డ" అన్నడు బాపు, ఎవలో అడిగినట్టు. "రాసుడు పని. అద్దాలు ఊకె సూసిపోత. గా గడియారం దిక్కు సూస్త లేను. సూస్తె చెయ్యి పెన్ను కోసం పోతది."

"అవు బాపు."

"పూలు అవతలి ఒడ్డుకున్నయి."

"అవు బాపు."

పోయి తెంపుకొచ్చిన. పది ఇండ్లకు సరిపోను తెంపుకొచ్చిన. అవ్వ సూసి, "బతుకమ్మ పేరుస్తున్నమా, గడ్డివామి ఏస్తున్నమా" అన్నది.

గిప్పుడు తెలిసింది. బాపు గా అన్నం తినని ఆదివారం సంది రోజు పోతున్నడు, అద్దం పలిగింది సూసిండు. బ్రిడ్జి జరుగుతున్నది అనుకుంటున్నడు. నోరిప్పితె మాట తప్పిండని తెలుస్తది. ఇప్పకపోతె రెండు వేల మంది దాని మీదికెక్కుతరు. ఆయనకు తెల్వనిది ఒక్కటే. అది నాకు తెలుసు.

నాకేం తెల్వది.

3.43. 26.

29 సెప్టెంబర్

3.42. 27. బ్యాగు తాకి ఉండొచ్చు. గంతే. ఉండొచ్చు.

30 సెప్టెంబర్, శుక్రవారం

రాజలింగం మామ సిరిసిల్లకెల్లి టీవీఎస్ మీద అచ్చిండు, ఎనుక పెద్ద గంజు కట్టుకొని. యాభై మందికి వండే గంజు. రుద్రంగి కాడ పోరగాండ్లు డప్పు అనుకొని కొట్టుకుంట ఉరికిన్రట. గంజు దించక ముందే షురూ చేసిండు.

"బావా, నా ఇజ్జత్ తీస్తవా? మా బావ బ్రిడ్జి, మా బావ బ్రిడ్జి అని రెండు లారీల మందికి చెప్పిన. గీడికస్తె యార్డు అంటవట?"

"యార్డుల నీడ ఉంటది."

"నీడకు కూసుంటె తెలంగాణ అస్తదా? నువ్వు సాంచ ఇడిసిపెట్టి రోడ్డు పనికి పోయిన నాడే అనుకున్న. దారం తెగితె గుండె జారుతది నీకు."

బాపు మెల్లగ అన్నడు: "దారం తెగితె సాంచ ఆగుతది రాజలింగం. గిది ఆగది."

"ఏది?"

బాపు గంజు దిక్కు సూసి, "మంచి గంజు" అన్నడు.

మామ అవ్వ దిక్కు సూసిండు. అవ్వ నా దిక్కు సూసింది. నేను మంచి గంజు అని దాన్నే సూసుకుంట నిలవడ్డ.

చెప్పాలె. రేపు చెప్పాలె. 3.42. 27.

1 అక్టోబర్, శనివారం, పొద్దుమీకి

జల్ది రాస్త. బాపు అరుగు మీద కూసున్నడు. శాలువ మడుత పెట్టి ఒళ్లె పెట్టుకున్నడు, వాపస్ ఇస్తడట.

మూడు గంటలకు టెంటు కాడ రేపటి లెక్క చెప్తున్నరు, ఎవల పొయ్యి ఏడ అని. బ్రిడ్జి నడుమ సిరిసిల్లోళ్ల పొయ్యిలు అన్నడు మహేందర్ సార్. బాపు లేసిండు. గీసారి గాలి అనలే, వాన అనలే.

"పోయిన ఆదివారం సంది నేను రోజు కిందికి పోయిన. నాలుగో నంబరు అద్దం పలిగింది. ఎవలు ఎక్కద్దు. ఎక్కుతమంటె నేను అడ్డం పండుకుంట."



"సమ్మెల పోయినవా?" అన్నడు మహేందర్ సార్.

"సూసిన. రాయలే."

"రిజిస్టరు మీద చెయ్యి పెట్టినవ్ గదనే!"

"చెయ్యి తీసినంకనే పోయిన."

ఎవలో నవ్వబోయి ఆపుకున్నరు. ఐలమ్మ పెద్దవ్వ లేసి, "ఆయన పోతె పోయిండు తియ్యి! మేం ఆడుతుంటె పడుతదా, పడదా, గది చెప్పు ముందు" అన్నది. గప్పుడు ఒక్కసారే లొల్లి. సగం మంది సమ్మె ఇరగ్గొట్టిండు అంటరు, సగం మంది పానాలు కాపాడిండు అంటరు. బాపమ్మ రెండు దిక్కులోళ్లను తిట్టింది.

మహేందర్ సార్ శ్రీధర్ సార్‌కు ఫోన్ కలిపి మైకు కాడ పెట్టిండు. బజారంత ఇనపడ్డది.

"అద్దం పగిలిందా? డయల్ ఎంత ఉంది ఆనందం గారూ?"

"సూడలే సార్."

"ఎన్ని రోజుల నుంచి?"

"పద్దెనిమిది."

మైకు కుయ్యుమన్నది. శ్రీధర్ సార్, "అద్దానికేం, మేక తగిలినా పగులుతుంది. పగులు కదిలిందో లేదో డయలే చెప్పాలి. ఒకే వేడిలో ఒకే అంకె వస్తుంటే కదల్లేదని చెప్పేవాణ్ణి. ఆ రోజుల అంకెలు లేవు కదా. లేకుండా నేను ఎవరినీ ఎక్కమనలేను. ఆరేళ్లలో మొదటి ఖాళీ, ఆనందం గారూ" అన్నడు.

బాపు మొఖం నేను గప్పుడు సూసిన. సమ్మె ఇరగ్గొట్టినవ్ అన్నప్పుడు గట్ల గాలే. ఖాళీ అన్నప్పుడు అయింది. ఇంట్ల ఎవలన్న పోయినట్టు.

బ్రిడ్జి మీద ప్రోగ్రాం బంద్. మహేందర్ సార్, "రేపటిసంది టెంటుకు రాకు ఆనందన్నా" అన్నడు. మూడుసార్లు అనలే. ఒక్కసారే అన్నడు. మామ గంజును మళ్ల టీవీఎస్‌కు కడుతున్నడు.

ఖాళీ లేదు. నా కాడ ఉన్నయి. పద్దెనిమిది ఉన్నయి. ఇయ్యాలది గూడ ఉన్నది, 3.41, వేడి 28. అన్ని వరుసగ ఈ కాయితం ఎనుకకు ఎక్కిచ్చిన. వేడి 27 ఉన్నప్పుడల్ల 3.42. అద్దం పలగక ముందు 3.42. పలిగినంక గూడ 3.42. బ్రిడ్జి ఎటు పోలే.

గని గియ్యి ఇస్తె ఒక్క ప్రశ్న అడుగుతరు. మరి అద్దం ఎట్ల పలిగింది? అది చెప్పకపోతె అంకెలను గూడ ఎవలు నమ్మరు.

రాస్త.

20 తారీఖు, మంగళవారం, పొద్దుగాల ఆరు గంటల ఇరవై నిమిషాలు. గ్రూప్ స్టడీ అంటే నమ్మాలని అన్ని పుస్తకాలు ఏసుకొని పోయిన, అట్లాసు గూడ. ముల్లు సూద్దామని ఒంగిన. బ్యాగు భుజం మీదికెల్లి జారింది. లోపట జామెట్రీ డబ్బ ఉన్నది. దాని మూల పోయి నాలుగో నంబరు అద్దానికి తాకింది. టక్కుమన్నది. మంచిగనే ఉండె, నేనే పలగ్గొట్టిన. రెండు ముక్కల నడుమకెల్లి బాపు ఎర్ర రంగు నంబరు కనపడ్డది. నేను ఉరికొచ్చిన.

గిది రాయనీకి పదకొండు రోజులు పట్టింది. టెంటు ముందట చదివితె ఒక్క నిమిషం పడుతది. సమ్మె ఇరగ్గొట్టినోళ్లు ఒక్క ఇంట్ల ఇద్దరు అంటరు. స్కూల్ తెరిస్తె సంగీత అడుగుతది, నా పేరు చెప్పి ఏడికి పోయినవే అని. బాపు నన్ను కొట్టడు. కొడితె నా మనసు అల్కగుండు. ఊకుంటడు. వారం రోజులు కడుపు మాడ్సుకున్నడు, ఆ అద్దం కోసం. ఊరంత అనరాని మాట అన్నది, ఆ అద్దం కోసం.

ఇంకొంచెం ఆలోచించి…

తలుపు కొడుతున్నరు.

"బిడ్డా. తలుపు తియ్యి. శాలువ ఇచ్చొద్దాం, జర తోడు రా. ఒక్కన్ని పోబుద్ది అయితలేదు."

"ఒక్క నిమిషం బాపు" అన్న.

మిగతా కాయితాలన్ని జొన్నల సంచిల అడుగుకు దోపుతున్న. మహేందర్ సార్ ఎక్కాల సంగతి, ఐలమ్మ పెద్దవ్వ సంగతి, అయ్యన్ని. గీ అంకెల కాయితమొక్కటి దోపుత లేను, చేతులనే పట్టుకున్న. దీంట్ల నా చేతిరాత వంకర పోయింది, గని అంకెలు సక్కగనే పడ్డయి.

మళ్ల కొడుతున్నడు. అస్తున్న బాపు.